గడప లేని ఇల్లు

ఊళ్లో అందరూ ఆమెను నిలకడమ్మ అంటారు. ముద్దుకు పెట్టిన పేరు కాదు, శుద్ధ వెక్కిరింపు. ఆమె ఒకచోట కుదురుగా కూర్చోగా చూసినవాళ్లు ఎవరూ లేరు. టీ కూడా నిలబడే తాగుతుంది, అదీ అటో నాలుగడుగులు ఇటో నాలుగడుగులు వేస్తూ. తల దువ్వించుకోవడానికి పీట మీద కూర్చుంటే జడ సగంలో ఉండగానే లేచిపోతుంది. చిన్నప్పుడు బడిలో పంతులుగారు అల్లరి పిల్లలందర్నీ బెంచీ మీద నిలబెట్టేవారు. ఈమెను మాత్రం కూర్చోబెట్టేవారు. ఆమెకు అంతకు మించిన శిక్ష లేదని ఆయన కనిపెట్టాడు.

ఇలాంటి మనిషికి పడవ నడపడం కన్నా సరిపోయే పని ఏముంటుంది? తండ్రి నడిపిన పడవే. ఆయన పోయాక తెడ్డు అందుకుంది, ఇప్పటిదాకా కింద పెట్టలేదు. మొగుడు లారీ డ్రైవరు. అతనూ ఇంటిపట్టున ఉండే రకం కాదు. ఇద్దరూ ఎప్పుడో గాని ఒకచోట కలవరు. పెళ్లయి ఇన్నేళ్లయినా ఈ మొగుడూపెళ్లాలకు సరిగ్గా పోట్లాడుకునే తీరిక దొరకలేదని వాళ్లమ్మ దెప్పిపొడుస్తూ ఉంటుంది.

ఊరు చిన్నది. వెనక కుండకొండ, బోర్లించిన కుండలా ఉంటుంది కాబట్టి ఆ పేరు. ముందు జలాశయం. రెంటికీ మధ్య వాలులో మూడు వీధులు: మిల్లు వీధి, బావి వీధి, రేవు వీధి. మిల్లు వీధిలో మిల్లు లేదు, బావి వీధిలో బావి లేదు. అవి నీళ్లకింద ఉన్నాయి. అసలు ఊరే నీళ్లకింద ఉంది. ఆనకట్ట కట్టినప్పుడు నది వెనక్కి ఎగదన్ని ఊరిని మింగేసింది. మనుషులు వాలు మీదికి ఎక్కి వచ్చారు గానీ, మాట మాత్రం ఎక్కి రాలేదు. దారి అడిగిన కొత్తవాడితో ఈనాటికీ "మిల్లు దాటాక కుడిచేతికి తిరుగు" అనేసి తమ దోవన తాము పోతారు. ఒక కొత్త పోస్టుమాన్ ఇలాగే మిల్లు కోసం వెతికి వెతికి కుండకొండ ఎక్కాడు. దిగి వచ్చి ఉత్తరాలన్నీ టీకొట్టు బల్ల మీద పోసి, ఎవరివి వాళ్లు తీసుకోండి బాబూ అని దణ్ణం పెట్టి వెళ్లిపోయాడు.

ఈ ఊరికి చూడటానికి జనం వస్తారంటే నమ్మరు గానీ, వస్తారు. సెలవు రోజుల్లో కొండ మీదికెక్కి జలాశయం ఫోటోలు తీసుకుంటారు. ఎండాకాలంలో పాత మిల్లు పొగగొట్టం కొస నీళ్లలోంచి తల పైకెత్తుతుంది. దాని మీద నీటికాకులు రెక్కలు ఆరబెట్టుకుంటుంటే నిలకడమ్మ పడవలో దాని చుట్టూ తిరుగుతారు. ఆ తర్వాత గడపలు చూస్తారు.

గడపల సంగతి చెప్పాలి. కొత్త ఊళ్లో ఇళ్లన్నీ ప్రభుత్వంవాళ్లే కట్టించారు. ఒకే అచ్చులో పోసినట్టు అన్నీ ఒక్కలాగే ఉన్నాయి. అవే గోడలు, అదే సున్నం, అదే తలుపు. దిగిన మొదటి రోజు మధ్యాహ్నం మంగలి నేరుగా కమ్మరి ఇంట్లో దూరి, కాళ్లు చాపుకుని, "ఏమే, తిండి పెడతావా, లేదా?" అని కమ్మరి భార్య మీద ఒంటికాలి మీద లేచాడు. ఊరంతా పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది. నవ్వు ఆగాక భయమేసింది. రేపు మన పిల్లలు ఏ ఇంటికి పోతారు? ఎవరికి తట్టిందో తెలియదు గానీ, సాయంత్రానికల్లా మాట ఖాయమైంది. నీళ్లు రాకముందే పాత ఇళ్లలో ఉన్న రాతి గడపలు పెకలించి తెచ్చుకోవాలి. ప్రతి ఇంటి గడపా ఒక్కో రకంగా అరిగి ఉంటుంది కదా. ఒకదానికి మధ్యలో గుంట, ఒకదానికి ఎడమవైపు నునుపు. ఎవరి గడప వాళ్ల కాలికి తెలుస్తుంది.

తెచ్చాక చూస్తే కొత్త ద్వారాలకు ఒక్క గడపా సరిపోలేదు. కొన్ని పొడుగు, కొన్ని పొట్టి. గడపను కోయడానికి ఎవరికీ మనసొప్పలేదు. కొత్త గోడలే పగలగొట్టి, రాయి ఎంతుంటే ద్వారం అంత చేశారు. అందుకే ఈ ఊళ్లో ఒక ఇంట్లోకి బండి తోలుకుపోవచ్చు, పక్క ఇంట్లోకి లావాటి మనిషి అడ్డంగా తిరిగి పోవాలి. వచ్చినవాళ్లు ఇవి చూసి ముక్కున వేలేసుకుంటారు. నిలకడమ్మ వాళ్లను వీధివీధీ తిప్పి, ఏ గడప మీద ఎవరు జారిపడ్డారో, ఏ గడప దగ్గర ఏ అత్తాకోడళ్లు తాడోపేడో తేల్చుకున్నారో ఏకరువు పెడుతుంది. రేవు వీధి చివర ఒక ఇంటి దగ్గరికి వచ్చేసరికి మాత్రం అడుగు వేగం పెంచుతుంది. ఎవరో ఒకరు అడగనే అడుగుతారు.

"మరి మీ ఇంటి గడపేదండీ?"

"పదండి పదండి, పడవకు వేళవుతోంది," అంటుంది.

ఆ చివరి ఇల్లే ఆమెది. ఊరు మొత్తంలో రాతి గడప లేని ఇల్లు అదొక్కటే. గడప చోట సిమెంటు దిమ్మ ఉంటుంది.

ఇందులో చోద్యమేమిటంటే, ఊరివాళ్ల గడపలన్నీ ఏటికి ఈవలకి చేర్చింది ఆమె తండ్రే. బండిదారి చుట్టుతిరుగుడు. పడవ అయితే ఒక్క దాటు. గడపలు ఒక్కొక్కటే పడవలో వేసుకుని, తెడ్డు వేసి వేసి, చేతులు బొబ్బలెక్కాయి ఆయనకు. సొంతింటి గడప చివర తెద్దామనుకున్నాడు. చివరి రోజు ఉత్తచేతులతో వచ్చాడు. భార్య అడిగింది. "విరిగింది," అన్నాడు. అంతే. విరిగితే ముక్కలేవని అడిగింది. నోరు మెదపలేదు. మర్నాడు అడిగింది, మరుసటేడు అడిగింది, ఆయన మంచంలో ఉన్నప్పుడూ అడిగింది. ఆ మనిషి నోరు విప్పకుండానే పోయాడు.

"విరిగిందట! రాయి!" అని అమ్మ ఇప్పటికీ గోడలకు చెబుతుంది. "మా అత్తగారు రోకలి జారవిడిస్తే కూడా కొసన పెచ్చు లేచిందే గానీ విరగలేదు. ఈయన చెయ్యి తగలగానే విరిగిందట. ఊరందరి గడపలూ నెత్తిన పెట్టుకుని మోసి, మనది మర్చిపోయాడు. నీళ్లొచ్చేశాయి. ఆ మాట చెప్పడానికి మొహం చెల్లక విరిగిందన్నాడు."

అమ్మ ఊరికే అనేసి ఊరుకునే మనిషైతే కథే లేదు. ఆ సిమెంటు దిమ్మ దాటి ఇంట్లోకి అడుగు పెట్టనని ఆనాడే ఒట్టేసుకుంది. అప్పటినుంచీ రాకపోకలన్నీ పెరటి గుమ్మంలోంచే. ఎవరింటికైనా వెళ్లాలన్నా, కూతురి పెళ్లివారు వచ్చినా పెరటి దారే. పెరటి గుమ్మం కొండవైపు ఉంటుంది. అందువల్ల ఆవిడ జలాశయం మొహం చూసింది లేదు, రేవుకు దిగింది లేదు, మొగుడి పడవను మళ్లీ కంటితో చూసింది లేదు. మొగుడు వీధివైపు అరుగు మీద, పెళ్లాం పెరట్లో. మధ్యలో ఇల్లు. ఆ రెంటి మధ్యా పరిగెత్తుతూ పెరిగిన పిల్లకు కాలు నిలవలేదంటే ఆశ్చర్యమేముంది?

నిలకడమ్మకు తండ్రంటే ప్రాణం. ఆయన అబద్ధం ఆడే మనిషి కాదని ఆమె నమ్మకం. కానీ అమ్మ అడిగేదానికీ సమాధానం లేదు. ముక్కలేవి? విరిగిన గడప ముక్కలు కూడా గడపే కదా, తెచ్చి అతికించుకోకపోయారా? ఈ ప్రశ్న ఆమె కడుపులో చిన్నప్పటినుంచీ తిరుగుతూనే ఉంది. ఎంత తిరిగినా తేలదు. తేలడానికి వీల్లేదు, ఊరు నీళ్లకింద ఉంది కాబట్టి.

ఈ ఎండాకాలం ఊరు పైకి తేలింది.

ఆనకట్ట గేట్లకు మరమ్మతులని నీళ్లన్నీ కిందికి వదిలేశారు. రోజురోజుకూ జలాశయం కుంచించుకుపోయి, ముందు మిల్లు గొట్టం మెడదాకా, తర్వాత నడుందాకా బయటపడింది. ఆపైన మొండిగోడలు, బావి పళ్లెం, వంతెన కమాను. చివరికి పాత నది తన పాత దారిలో సన్నగా పారుతూ కనిపించింది. ఈ వార్త ఎవరు ఉప్పందించారో, జనం తండోపతండాలుగా దిగారు. పంచాయతీవాళ్లు బురద అంచున తాడు కట్టి, దాటి ఎవరూ దిగకూడదని బోర్డు పెట్టారు. నిలకడమ్మ పొద్దుననుంచీ పొద్దుగూకేదాకా జనాన్ని పడవలో పాత ఊరి అంచుకు తీసుకెళ్లి, లంగరు రాయి నీళ్లలో వదిలి, పడవలోంచే చూపించేది. అది మిల్లు. అది బడి. అదిగో వంతెన.

"మరి మీ ఇల్లు?" అని ఒకావిడ అడిగింది, గొడుగు కింద కెమెరా సర్దుకుంటూ.

"అదిగో, అటు," అని నిలకడమ్మ చెయ్యి ఊపింది. ఆ ఊపులో సగం ఊరు ఉంది.

నిజానికి ఆమెకు తెలియదు. ఊరు వదిలినప్పుడు ఆమెకు ఇంకా పాలపళ్లు ఊడుతున్నాయి. అన్ని ఇళ్లూ బురద దిబ్బలై ఒకేలా ఉన్నాయి. ఇన్నేళ్లూ నీళ్ల మీద తిరుగుతూ కిందున్న ఊరంతా తన అరచేతిలో ఉన్నట్టు చెప్పిన మనిషి, ఊరు కళ్లముందుకొచ్చేసరికి సొంతిల్లు పోల్చుకోలేక బిక్కమొహం వేసింది. ఆ రోజునుంచీ ఆమె మరీ కాలు కాలిన పిల్లి అయింది. తెడ్డు పడవలో పెట్టి రేవులో వెతికేది. మొగుడు ఎక్కడినుంచో ఫోను చేస్తే సగం మాటలో ఉండగానే పెట్టేసేది. ఇవాళ దిగుదాం, రేపు దిగుదాం అనుకోవడం, దిగితే ఏం కనిపిస్తుందోనని మళ్లీ తెడ్డు అందుకోవడం.

అలా వాయిదాలు వేస్తుండగానే ఒక పొద్దున ఆటోలో మైకు పెట్టి చాటించుకుంటూ వచ్చారు. గేట్ల పని పూర్తయింది, రేపు మూసేస్తారు. ఎగువన వానలు పడుతున్నాయి కాబట్టి నీళ్లు ఇవాళే పెరగొచ్చు, ఎవరూ లోపలికి దిగొద్దు.

నిలకడమ్మ నేరుగా పెరట్లోకి వెళ్లింది. అమ్మ నీడలో కూర్చుని చాటలో ధాన్యం చెరుగుతోంది. కూతురు గోడకు ఆనించిన గునపం అందుకోవడం చూసి చాట ఆపింది.

"ఎక్కడికే?"

"కిందికి. మన గడప ఉందో లేదో చూసొస్తా."

"చాటింపు వినలేదా? చెవులు ఎక్కడ పెట్టుకున్నావ్?"

"అందుకే ఇవాళ. రేపట్నుంచి ఇంక చూడలేం కదమ్మా."

"ఉంటే ఏం చేస్తావ్?"

గడప నిండుగా ఉంటే నాన్న అబద్ధమాడినట్టు. అసలే లేకపోతే ఎవరికో ఇచ్చేశాడని అమ్మ కొత్త పాట ఎత్తుకుంటుంది. విరిగి ఉంటేనే నాన్న నిజం చెప్పినట్టు. ఒక రాయి విరిగి ఉంటే బాగుండునని నిలకడమ్మ మొక్కుకుంటోంది. ఈ మాట పైకి అనలేక గునపం ఈ చేతినుంచి ఆ చేతికి మార్చుకుంది.

"వెళ్లకే," అంది అమ్మ. ఈసారి గొంతులో విసురు లేదు. "ఇప్పుడైతే మీ నాన్న అబద్ధమాడాడని నేనొక్కదాన్నే అంటున్నా. వెళ్లి చూశావంటే నువ్వూ అంటావ్. ఆ ముసలాయనకి నువ్వొక్కదానివే మిగిలావ్."

ఇన్నేళ్లూ సాధించిన మనిషి లోపల ఇంత దాచుకుందని నిలకడమ్మ ఎన్నడూ అనుకోలేదు. గునపం భుజానేసుకుని వీధిలోకి వచ్చేసింది.

రేవు దగ్గర టీకొట్టు మిల్లు బాబాయిది. మిల్లు మునిగిపోయాక టీకొట్టు పెట్టుకున్నా, పేరు మాత్రం మిల్లు బాబాయే. గునపం చూడగానే ఆయనకు సంగతి అర్థమైపోయింది. గ్లాసు చేతికిచ్చాడు. ఆమె అటూ ఇటూ నడుస్తూ తాగింది.

"ఒక్కదానివే దిగకమ్మాయ్," అన్నాడు. "ఆ చివరి రోజు మీ నాన్న కూడా ఇలాగే ఒక్కడే వెళ్లాడు. మా ఇంటి గడప పడవలో ఉంది. అది దింపేసి వెళ్లవయ్యా అంటే వినలేదు. దారిలోనే కదా మా ఇల్లు, నాదీ వేసుకుని రెండూ ఒకేసారి దాటిస్తా అని వెళ్లాడు. అప్పుడే నీళ్లు తోసుకొచ్చాయి. లంగరు తెగింది. పడవ వంతెనవైపు కొట్టుకుపోతోంది, మా గడపతో సహా. నేను ఒడ్డున గుండెలు బాదుకుంటున్నా."

"తర్వాత?"

"తర్వాతేముంది, ఎలాగో పడవని ఆపాడు. ఉధృతి తగ్గేదాకా అక్కడే నిలబెట్టి, మా గడప భద్రంగా తెచ్చిచ్చాడు. లంగరు లేకుండా ఎలా ఆపావయ్యా అంటే, 'ఏదో దొరికిందిలే' అన్నాడు. మొహం మాత్రం చచ్చిపోయింది. నీళ్లకి భయపడ్డాడనుకున్నా."

ఆమె సగం విని సగం వినకుండా గ్లాసు బల్ల మీద పెట్టి, పడవ తోసుకుని వెళ్లిపోయింది. బాబాయి వెనకనుంచి పిలుస్తూనే ఉన్నాడు.

పాత రేవు దగ్గర లంగరు వదిలి బురదలోకి దిగింది. మోకాళ్లదాకా దిగబడుతోంది. ఒక కాలు పీకితే ఇంకో కాలు ఇరుక్కుంటోంది. మనిషి పరిగెత్తాలని చూస్తోంది, నేల పరిగెత్తనివ్వడం లేదు. జీవితంలో మొదటిసారి ఆమెను ఆపగలిగింది ఆ బురదే. నది అప్పటికే రంగు మారి ఎర్రగా వస్తోంది.

వీధి పోల్చుకోవడానికే చాలాసేపు పట్టింది. నడుం ఎత్తు మొండిగోడలు, కప్పులు లేవు. ప్రతి ఇంటి ముందూ గడప తీసేసిన ఖాళీ. పెకలించి పట్టుకుపోయిన చోటల్లా బొందలు పడి, ముందుపళ్లు ఊడిన నోళ్లలా ఉన్నాయి. ఒక ఇల్లు, ఇంకో ఇల్లు, ఆ పక్కది. అన్నీ బోసినోళ్లే. ఇందులో తనదేదో ఎవరు చెప్పాలి? ఏడుపొచ్చింది. తనమీద తనకే కోపమొచ్చింది. ఇన్ని రోజులు టైముండగా గుడ్లప్పగించి పడవలో తిరిగినందుకు తనను తానే నాలుగు తిట్టుకుంది.

అప్పుడు తట్టింది. బోసిది కాని నోరు వెతకాలి. ఊరందరూ గడపలు తీసుకుపోయారు, ఒక్కరు తప్ప. ఈ ఊళ్లో గడప మిగిలిన ఇల్లు ఏదైనా ఉంటే అది తమదే. పైన గడప లేదని ఏ ఇంటిని చూసి మొహం తిప్పుకుని పోయేదో, కింద గడప ఉందన్న ఒక్క గుర్తుతో అదే ఇంటిని వెతకసాగింది.

వీధి మలుపులో దొరికింది. ద్వారం అడుగున బురదలోంచి నల్లరాయి వీపు కనిపించింది. రాయి ఉంది. అంటే? చేతులతో బురద తోడేసింది. ఎడమ గోడ దగ్గరనుంచి తడుముకుంటూ వచ్చింది. నునుపు, మధ్యలో పాదాలు తిన్న గుంట, ఇంకా నునుపు, ఆపైన చెయ్యి ఒక్కసారిగా కిందికి జారింది.

రాయి అక్కడ ఆగిపోయింది. ఏటవాలుగా, గరుకుగా, విరిగి ఉంది.

"నాన్నా," అంది పైకే. ఆ బురదలో మోకాళ్ల మీద కూలబడి, విరిగిన అంచు మీద చెయ్యి వేసి, పసిపిల్లలా ఏడ్చింది. ఆయన అబద్ధమాడలేదు. ఒక్క మాట చెప్పాడు, ఆ మాట నిజం. ఇంతకాలం ఇల్లంతా ఆ మాటను నమ్మలేదు.

ఏడుపు తగ్గాక అమ్మ ప్రశ్న మళ్లీ లేచింది. ముక్కేది? కుడివైపు మూడోవంతు లేదు. చుట్టూ గునపంతో పొడిచి చూసింది, ఎక్కడా లేదు. పోనీ ఈ పెద్ద ముక్కనైనా తీసుకెళ్దామని గునపం అడుగున పెట్టి బలంకొద్దీ ఎత్తింది. రాయి కదల్లేదు. ఇంకాస్త బలం పెట్టేసరికి లోపలెక్కడో కిర్రుమంది. చటుక్కున గునపం వదిలేసింది. ఇలాగే అయి ఉంటుంది. నీళ్లు తరుముకొస్తుంటే ఒంటరి మనిషి ఒకవైపునుంచే ఎత్తబోయాడు. నలుగురుంటే లేచేది. ఆ నలుగురూ అప్పటికే తమ గడపలు తీసుకుని ఒడ్డెక్కేశారు.

చేతులు కడుక్కుందామని వంగితే, ద్వారబంధం కుళ్లిపోయి బయటపడిన ఎడమ కొసన ఒక గుంట కనిపించింది. తలుపు అడుగు మొన తిరగడానికి తొలిచిన గుండ్రటి గుంట. ఇళ్లలో గడప కొసలు ద్వారబంధం కిందికి పోతాయి కాబట్టి ఊరందరి గడపలూ చూపించే నిలకడమ్మ కూడా గడప కొస ఎలా ఉంటుందో ఎన్నడూ చూడలేదు. గుంటలో పేరుకున్న బురదను బొటనవేలితో తీసింది. వేలు లోపల ఒక చుట్టు తిరిగింది. ఆ వేలికి ఈ గుంట తెలుసు. రోజూ తెలుసు. లంగరుకు తాడు జారకుండా ముడి ఒత్తి పెట్టే గుంట అచ్చం ఇలాంటిదే.

ఆమె మెల్లగా తల తిప్పి పడవవైపు చూసింది.

*ఏదో దొరికిందిలే.*

బురదలో ఎలా పరిగెత్తిందో ఆమెకే తెలియదు. లంగరు పైకి లాగి, తాడు విప్పి పడవను పాత రేవు రాతిస్తంభానికి కట్టింది. ఆ రాయిని చంకనెత్తుకుని, పడుతూ లేస్తూ మళ్లీ ఆ ద్వారం దగ్గరికి చేరింది. అప్పటికే వీధిలో పాదాలు మునిగే నీళ్లు. ముక్కను ముక్క పక్కన పెట్టి కాస్త తోసింది. ఏటవాలుకు ఏటవాలు, పగులుకు పగులు వెళ్లి కూర్చున్నాయి. మధ్యలో గోరు కూడా దూరలేదు.

తన బతుకంతా తిండి పెట్టిన పడవను నిలబెట్టింది ఈ రాయి. ఎన్ని వేలసార్లు నీళ్లలో పడేసిందో, ఎన్ని వేలసార్లు లాగిందో. ఆయన రేవులో రోజూ దీన్ని కడిగి, కొత్త తాడు చుట్టి, పడవలో జాగ్రత్తగా పడుకోబెడుతుంటే, లంగరు మీద ఇంత ప్రేమేంటి నాన్నా అని నవ్వేది. తన పెళ్లాం పొద్దున్నే కడిగి ముగ్గేసి అపురూపంగా చూసుకున్న రాయిని, ఎవరిదో గడప కాపాడటానికి మెడకు తాడేసి బురదలోకి విసిరానని ఆ మనిషి ఏ నోటితో చెప్పుకుంటాడు? అయినా చెప్పాల్సింది. నాలుగు తిట్లు తినేసి ఊరుకుంటే పోయేది. ఆమెకు తండ్రి మీద జాలీ కోపమూ ఒక్కసారే పొంగుకొచ్చాయి.

నీళ్లు పిక్కలదాకా వచ్చాయి. పెద్ద ముక్క రాదు. దాని మీద ఒకసారి అరచేయి ఆనించి, చిన్న ముక్కను ఎత్తుకుని వెనక్కి తిరిగింది.

ఒడ్డున మిల్లు బాబాయి తాడు పట్టుకుని నిలబడి ఉన్నాడు. తిట్టబోయినవాడల్లా ఆమె భుజం మీద రాయి చూసి, పక్కకు జరిగి దారిచ్చాడు. నిలకడమ్మ తలనుంచి పాదాలదాకా బురదతో రేవు వీధి పొడుగునా లంగరు మోసుకుంటూ నడిచింది. వీధివాళ్లు ఎవరి గడపల మీద వాళ్లు నిలబడి చూశారు. ఆమెకు మతి పోయిందనుకున్నారు కొందరు.

ఇంటిముందు సిమెంటు దిమ్మ మీద రాయి దింపి, "అమ్మా!" అని పిలిచింది. అమ్మ పెరటి గుమ్మంలోంచి బయటికొచ్చి, పక్క సందులోంచి ఇల్లు చుట్టి వచ్చింది.

"బతికే ఉన్నావా? ఆ అవతారమేంటి? ఈ రాయేంటి?"

"చూడు."

ఆవిడ కళ్లకు మసక. వంగి చేత్తో తడిమింది. తాడు రాసుకున్న గీతలు, పాచి, గుంట. చెయ్యి కొస దాకా పోయి, అక్కడ చిన్న పెచ్చు లేచిన చోట ఆగిపోయింది. రెండోసారి తడిమింది.

"మా అత్త రోకలి," అంది.

"విరిగిందమ్మా. నాన్న చెప్పినట్టే. పెద్ద ముక్క అక్కడే ఉంది, రాదు."

"మరి ఇదెక్కడ దొరికింది?"

"పడవలో. మొదట్నుంచీ పడవలోనే ఉంది. లంగరు."

నిలకడమ్మ మిల్లు బాబాయి చెప్పింది, తాను చూసింది, అంతా గుక్కతిప్పుకోకుండా చెప్పేసింది. అమ్మ వింటూ వింటూ అరుగు మీద, ఇన్నేళ్లూ మొగుడు కూర్చున్న చోట చతికిలబడింది. మొట్టమొదటిసారి అక్కణ్నుంచి జలాశయంవైపు చూసింది. ఎర్రనీళ్లు అప్పటికే మొండిగోడలు ఎక్కుతున్నాయి.

"చెప్పి చావొచ్చు కదయ్యా," అంది నీళ్లవైపు చూస్తూ. "చెప్పి చావొచ్చు కదా. ఇంటికి పెరటి దారిన తిరిగీ తిరిగీ నా కాళ్లరిగిపోయాయి." కొంగుతో మొహం కప్పుకుంది. కాసేపటికి తీసి, కూతుర్ని దులిపేసింది. "అలా గుడ్లప్పగించి చూస్తావేం? తలుపు తియ్యి."

నిలకడమ్మ వీధి తలుపు తీసింది. అమ్మ లేచి, గోడ పట్టుకుని, ఆ రాతిముక్క మీద కుడికాలు ఆనించింది. ఒక్క క్షణం అలాగే ఉంచింది. తర్వాత ఎడమకాలు ఎత్తి లోపల పెట్టింది. లోపలికి నాలుగడుగులు వేశాక వెనక్కి తిరిగింది.

"మరి రేపు పడవకి ఏం కడతావే?"

"ఇంకో రాయి చూసుకుంటాలే."

"ఇంకో రాయెందుకు? అలవాటు పడ్డ పని, మానిపిస్తే దానికి తోచదు, నీలాగే. పొద్దున తీసుకెళ్లు. సాయంత్రం తెచ్చి ఇక్కడే పెట్టు. మర్చిపోయి పడవలో వదిలేశావంటే నిన్ను ఇంట్లోకి రానివ్వను."

జలాశయం మళ్లీ నిండింది. నీటికాకులు మిల్లు గొట్టం మీదికి తిరిగొచ్చాయి. నిలకడమ్మ ఇప్పటికీ నిలబడే టీ తాగుతుంది, అందులో మార్పేమీ లేదు. కానీ పొద్దుగూకే వేళకు రాయి భుజానేసుకుని ఇంటికొచ్చేస్తుంది. గడప దించి, అమ్మ పక్కన అరుగు మీద కాస్త కూర్చుంటుంది కూడా. కాలు ఊపుతూనే కూర్చుంటుంది, అది వేరే సంగతి.

మొన్న సెలవురోజు వచ్చినవాళ్లను వీధులన్నీ తిప్పి, రేవు వీధి చివరికి తీసుకొచ్చింది. అడుగు వేగం పెంచలేదు. ఆ ఇంటిముందు తానే ఆగింది. ఎవరో సిమెంటు దిమ్మ చూసి అడగనే అడిగారు.

"ఈ ఇంటికి గడప లేదేంటండీ?"

"ఉందండీ," అంది నిలకడమ్మ. "పనికెళ్లింది. సాయంత్రానికి ఇంటికొచ్చేస్తుంది."